మంత్రంతో ధ్యానం: మొదటి 40 రోజులు ఎలా చేయాలి?

"ఏ మంత్రం చేయాలండీ?" ధ్యానం మాట ఎత్తితే చాలు, ముందు వచ్చే ప్రశ్న ఇదే. నెల తిరిగేసరికి అదే మనిషి రెండో ప్రశ్నతో వస్తారు: "చేస్తూనే ఉన్నానుగానీ మనసు నిలవట్లేదు, నాకిది పడదేమో?" ఈ రెండింటికీ చెప్పిందే చెప్పీ చెప్పీ, చివరికి ఒకచోట రాసిపెట్టేస్తే పోతుందని కూర్చున్నాను. మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. రెండోదాని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను, మీరూ కూర్చోండి.

సిద్ధాంతం ఇంతే: పలుపుతాడుతో గుంజకు కట్టిన ఆవు కదలకుండా నిలబడదు. తాడు సాగినంత మేర తిరుగుతుంది, బిగిసినప్పుడు వెనక్కి మళ్ళుతుంది. మన మనసు ఆ ఆవు, మంత్రం ఆ గుంజ. ఆవు తిరుగుతోందని గుంజ పీకేసేవాళ్ళే ఎక్కువమంది.

ఏమేం కావాలి

- ఒక మంత్రం. ఒక్కటే.
- కూర్చోవడానికి చాప, మడత పెట్టిన దుప్పటి, లేదా చేతులు లేని గట్టి కుర్చీ.
- లెక్కకు జపమాల. లేకపోతే మీ వేళ్ళ కణుపులు, అదీ కాదంటే ఫోన్లో టైమర్.
- రోజూ ఒకే వేళకు 10 నిమిషాలు.
- ఒక చిన్న నోటుపుస్తకం, పెన్ను. ఎందుకో చివర్లో చెబుతాను.

దీపం, అగరొత్తి మీ ఇష్టం. అగరొత్తి పొగకు దగ్గొచ్చేవాళ్ళు మాత్రం మానేయండి. దగ్గుతూ జపం సాగదు.

1. మంత్రం ఎంచుకోండి

గురువు దగ్గరో, ఇంట్లో పెద్దల దగ్గరో ఉపదేశం పొంది ఉంటే వెతుకులాట అక్కర్లేదు, అదే మీ మంత్రం. లేనివాళ్ళు చిన్న నామమంత్రంతో మొదలుపెట్టండి. తరతరాలుగా నలిగిన దారులు ఇవి:

- ఓం నమః శివాయ. "నమః శివాయ" పంచాక్షరి, ముందు ఓం చేరితే షడక్షరి.
- ఓం నమో నారాయణాయ. 8 అక్షరాలు, అష్టాక్షరి.
- ఓం నమో భగవతే వాసుదేవాయ. 12 అక్షరాలు, ద్వాదశాక్షరి.
- శ్రీరామ జయరామ జయజయ రామ. 13 అక్షరాలు. నోరు తిరగని వాళ్ళకు కూడా సులువుగా పడుతుంది.
- ఓం మణి పద్మే హూం. బౌద్ధులు అవలోకితేశ్వరుడిని తలచుకుంటూ చేసే షడక్షరి.

భక్తి మీద ఆసక్తి లేనివాళ్ళకు "సోఽహం" ఉంది. ఊపిరి లోపలికి వెళ్ళేటప్పుడు "సో", బయటికి వచ్చేటప్పుడు "హం". శ్వాసతోనే దానంతటదే సాగుతుంది కాబట్టి దీన్ని అజపాజపం అంటారు. వేరే మతవిశ్వాసం ఉన్నవాళ్ళు తమ ప్రార్థనలోని ఒక చిన్న నామాన్ని తీసుకోవచ్చు. కింద చెప్పే పద్ధతి దేనికైనా ఒకటే.

గాయత్రితో మొదలుపెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. అది ఋగ్వేదం మూడో మండలంలోని ఋక్కు. స్వరంతో పలకాల్సింది, సంప్రదాయంలో ఉపనయనంతో ఉపదేశంగా వచ్చేది. ఆ గౌరవం అలా ఉంచి, ధ్యానం నేర్చుకునే కొత్తలో పొడుగు మంత్రం ఒక ఇబ్బంది. మనసు మధ్యలో ఎక్కడ జారిందో పట్టుకోవడం కష్టం. ఒక్క ఊపిరిలో ఇమిడేది తీసుకుంటే జారిన వెంటనే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక: వీడియోల్లో చూసి బీజాక్షర మంత్రాలు (హ్రీం, శ్రీం లాంటి ఏకాక్షరాలతో ఉండేవి), న్యాసాలతో (ఒంటి భాగాలను తాకుతూ మంత్రాక్షరాలను అక్కడ ఉంచడం) కూడిన మంత్రాలు సొంతంగా మొదలుపెట్టకండి. వాటికి నేర్పేవాళ్ళు ఎదురుగా ఉండాలి. "ఈ మంత్రం 11 రోజులు చేస్తే అప్పులు తీరుతాయి" అనే రకం జోలికి అసలే వెళ్ళొద్దు. అక్కడ రోజూ అప్పు మీదే ధ్యానం జరుగుతుంది.

ఎంపికకు ఒక్కరోజు చాలు. రెండు మూడు మంత్రాలను ఒక్కొక్కటి 20 సార్లు బయటికి అనండి. నాలుక తడబడనిది, అర్థం మీకు మింగుడుపడేది ఏదో అప్పుడే తెలిసిపోతుంది.

2. పలుకు సరిచేసుకోండి

కూర్చోకముందే చేయాల్సిన పని ఇది. ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. మనవాళ్ళ నోట ఎక్కువగా దొర్లే తప్పులు నాలుగు:

- "భగవతే" కాస్తా "బగవతే" అవుతుంది. భకు ఒత్తు వినపడాలి.
- "నారాయణాయ" కాస్తా "నారాయనాయ" అవుతుంది. ణ దగ్గర నాలుక వెనక్కి మడవాలి.
- "శివాయ" కాస్తా "సివాయ" అవుతుంది. శ పలికేటప్పుడు నాలుక అంగిలికి దగ్గరగా వెళ్ళాలి.
- "నమః"లో విసర్గ మింగేసి "నమ శివాయ" అనేస్తారు. "నమహ" అన్నట్టు చిన్న ఊపిరి వదలండి. సంధి కలిపి "నమశ్శివాయ" అన్నా సరైనదే. రెండింట్లో ఒకటి ఎంచుకుని దానిమీదే ఉండండి.

అర్థం కూడా ఒకసారి తెలుసుకోండి. పతంజలి యోగసూత్రాల్లో ఓంకారం గురించి "తజ్జపస్తదర్థభావనమ్" అని ఉంది. జపమంటే దాని అర్థాన్ని భావించడం కూడా అని. అలాగని ప్రతి పూసకూ అర్థవివరణ చేసుకోనక్కర్లేదు. "శివునికి నమస్కారం" అని తెలిసి ఉంటే చాలు, ఆ మాట వెనకాల నిలబడి ఉంటుంది.

పలుకు గురించి భయం మాత్రం పెట్టుకోకండి. నామమంత్రంలో ఒక అక్షరం జారితే ఏదో కీడు జరుగుతుందని బెంగపడేవాళ్ళను చూశాను. ఆ బెంగ ఉచ్చారణ దోషం కంటే ఎక్కువ అడ్డం.

3. కూర్చోండి

నేల మీద కూర్చుంటే పిరుదుల కింద దుప్పటి మడత పెట్టి, తుంటి మోకాళ్ళకంటే కొంచెం ఎత్తులో ఉండేలా చూసుకోండి. నడుం దానంతటదే నిలబడుతుంది. కుర్చీ అయితే వెనక్కి జారగిలబడకుండా, పాదాలు రెండూ నేలకు ఆనించి కూర్చోండి. పద్మాసనం తప్పనిసరి కాదు. మోకాలి నొప్పులున్నవాళ్ళు దాన్ని ప్రయత్నించనే వద్దు.

కాలు తిమ్మిరెక్కితే కదపండి. కదిపితే జపం పాడవుతుందన్న మాట ఎవరో చెప్పగా నేనూ కొన్నాళ్ళు పళ్ళబిగువున కూర్చున్నాను. ఆ పది నిమిషాలూ నేను చేసింది కాలి మీద ధ్యానం.

ఫోన్ సైలెంట్‌లో చాలదు, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. టైమర్ అందులోనూ మోగుతుంది.

4. ఐదు ఊపిర్లు

కళ్ళు మూసుకుని, మంత్రం ఎత్తుకోకముందు ఐదుసార్లు మామూలుగా ఊపిరి పీల్చి వదలండి. లోతుగా లాగొద్దు, బిగబట్టొద్దు. శ్వాసను నెమ్మదింపజేసే పని మంత్రానికే వదిలేయండి. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక చిన్న పరిశోధనలో, 23 మంది ఆరోగ్యవంతుల చేత ఒకసారి క్యాథలిక్ క్రైస్తవుల రోజరీ ప్రార్థన లాటిన్‌లో, ఇంకోసారి "ఓం మణి పద్మే హూం" అనిపిస్తే, రెండింట్లోనూ శ్వాస నిమిషానికి సుమారు 6 సార్లకు తగ్గింది. అది వాళ్ళు పని కట్టుకుని తగ్గించింది కాదు. మాట పొడవే ఊపిరిని అలా సాగదీసింది.

5. మూడు మెట్లలో జపం

జపంలో మూడు రకాలు. వాచికం: పక్కవాళ్ళకు వినపడేలా అనడం. ఉపాంశువు: పెదవులు కదులుతాయిగానీ మాట మీకు మాత్రమే వినపడుతుంది. మానసికం: పెదవీ నాలుకా కదలవు. మనుస్మృతి యజ్ఞం కంటే ఉపాంశువును నూరు రెట్లు, మానసికాన్ని వెయ్యి రెట్లు గొప్పవని చెప్పడంతో అందరూ ఆ వెయ్యి దగ్గరికే ఒక్క గంతు వేస్తారు. ఆదిలో మానసికం దగ్గరే మనసు ఎక్కువ జారుతుంది, ఎందుకంటే పట్టుకోవడానికి శబ్దం లేదు.

అందుకని మొదటి రెండు వారాలు ఇలా చేయండి: 4 నిమిషాలు బయటికి, 4 నిమిషాలు పెదవులతో, చివరి 2 నిమిషాలు మనసులో. మూడో వారం నుంచి 2, 4, 4. నాలుగో వారం దాటాక ఏది మీకు ఎక్కువ నిలుస్తోందో దానికి సమయం పెంచుకోండి. ఇంట్లో పడుకున్నవాళ్ళు ఉంటే వాచికం వదిలేసి ఉపాంశువుతో మొదలుపెట్టవచ్చు.

బయటికి అనేటప్పుడు గొంతు చించుకోవద్దు. వేగంగా అంటూ మధ్యమధ్యలో గట్టిగా గాలి లాగితే తల తేలిపోయినట్టు, వేళ్ళు జివ్వుమన్నట్టు అవుతుంది. దాన్ని అనుభూతి అనుకుని పొంగిపోకండి. ఆపి, మామూలుగా ఊపిరి తీసుకోండి.

6. లెక్క పెట్టుకోవడం

జపమాలలో 108 పూసలు, వాటికి పైన విడిగా ఒక మేరుపూస ఉంటాయి. మాలను కుడిచేతి మధ్యవేలి మీద వేసుకుని, ఒక్కో మంత్రానికి ఒక్కో పూసను బొటనవేలితో మీ వైపుకు లాగండి. చూపుడువేలు తగలనివ్వరు. మేరు దగ్గరికి వచ్చాక దాన్ని దాటకుండా మాల తిప్పి వెనక్కి వెళ్ళాలి. మాల తిప్పడం మొదట్లో చేతకాక జారిపోతుంది, రెండు రోజుల్లో వేళ్ళకు అలవాటవుతుంది. మాల నేల మీద దొర్లకుండా, చేయి ఎత్తి పట్టి నొప్పెట్టకుండా ఉండాలంటే గోముఖి సంచిలో చేయి పెట్టుకోవచ్చు.

మాల లేకపోతే కరమాల. ఉంగరపువేలి నడిమి కణుపు 1, కింది కణుపు 2, చిటికెనవేలి కింద 3, నడుమ 4, పైన 5, ఉంగరపువేలి పైన 6, మధ్యవేలి పైన 7, చూపుడువేలి పైన 8, నడుమ 9, కింద 10. మధ్యవేలి మీద మిగిలిన రెండు కణుపులే ఇక్కడ మేరువు. పదులను ఎడమచేత్తో గుర్తుపెట్టుకోండి.

నా మాటగా ఒకటి: మొదటి 10 రోజులు లెక్క వదిలేసి టైమర్‌తోనే కూర్చోండి. పూసలు చేతిలోకి రాగానే "ఎన్ని అయ్యాయి, ఇంకా ఎన్ని" అన్న లెక్క మంత్రం కంటే పెద్దదైపోతుంది.

7. పోయిన మనసును తెచ్చుకోవడం

అసలు పని ఇది. మిగతావన్నీ దీనికి సరంజామా.

ఒక మాల దగ్గరగా చూద్దాం. మొదటి పది పూసలు శుభ్రంగా వెళ్ళాయి. పదిహేనో పూస దగ్గర నిన్న ఎవరో అన్న మాట ఒకటి గుర్తొచ్చింది. పదహారులో దానికి మీరు ఇవ్వాల్సిన జవాబు. ఇరవైలో ఆ జవాబు ఇంకా పదునుగా. వేళ్ళు మాత్రం పూసలు లాగుతూనే ఉన్నాయి, లోపల మంత్రం కూడా ఆగలేదు! కింద రేడియో మోగుతున్నట్టు అది మోగుతోంది, పైన మీ వాదన నడుస్తోంది. నలభయ్యో పూస దగ్గర ఉలిక్కిపడతారు: "అరే, ఎక్కడికి పోయాను?"

ఆ "అరే" దగ్గర ఏం చేస్తారన్నదే ధ్యానం. చాలామంది మూడు పనులు చేస్తారు: తమను తిట్టుకుంటారు, ఆ ఆలోచన ఎందుకొచ్చిందని ఆరా తీస్తారు, లేదా మాల మొదటికి తిప్పి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతారు. మూడూ వద్దు. నలభయ్యో పూస మీదే, తర్వాతి మంత్రాన్ని కొంచెం నెమ్మదిగా, ప్రతి అక్షరం వినిపించేలా అనండి. అంతే. "మనసు ఎటు పోతే అటు నుంచి మళ్ళించి తెచ్చుకోవాలి" అని గీత ఆరో అధ్యాయం చెప్పింది ఈ ఒక్క కదలికనే. పది నిమిషాల్లో ముప్పైసార్లు పోయి ముప్పైసార్లు వచ్చారంటే ముప్పైసార్లు సాధన జరిగినట్టు.

పైన చెప్పిన రేడియో పరిస్థితి, అంటే మంత్రమూ ఆలోచనా రెండూ సమాంతరంగా నడవడం, రెండో వారంలో దాదాపు అందరికీ వస్తుంది. నోటికి వచ్చేసిన మంత్రానికి ఇక మన అవసరం ఉండదు. దానికి విరుగుళ్ళు:

- మంత్రం చివరి అక్షరాన్ని గమనించండి. "శివాయ"లో "య" పూర్తిగా ఆగేదాకా విని, అప్పుడే తర్వాతిది ఎత్తుకోండి.
- రెండు మంత్రాల మధ్య చిన్న ఖాళీ వదలండి. రేడియోకు ఖాళీలు ఉండవు కాబట్టి మీరు మేలుకుంటారు.
- ఒక మెట్టు కిందికి దిగండి. మనసులో నిలవకపోతే పెదవులతో, పెదవులతో నిలవకపోతే బయటికి.
- ఊపిరి వదిలేటప్పుడు మాత్రమే మంత్రం అనండి. పీల్చేటప్పుడు మౌనం.

నాలుగూ ఒకేరోజు ప్రయత్నించకండి. నాకు రెండోది పనిచేసింది, మీకు ఏదో చూసుకోండి.

8. ఆపడం

టైమర్ మోగగానే లేచి ఫోన్ అందుకోవద్దు. మంత్రం ఆపేసి ఒక నిమిషం ఊరికే కూర్చోండి. అప్పుడు దానంతటదే లోపల ఇంకో రెండుసార్లు మోగినా మోగవచ్చు, మోగకపోయినా ఏం కాదు. కళ్ళు తెరిచి, కాళ్ళు సాచి, నెమ్మదిగా లేవండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

మంత్రం మార్చడం. వారం పంచాక్షరి, "ఏమీ తెలియట్లేదు" అని ఇంకో వారం అష్టాక్షరి, ఎవరో చెప్పారని మూడోది. ఐదు చోట్ల ఐదడుగులు తవ్వితే ఒక్క బావిలోనూ నీళ్ళు పడవు.

అంకెల పిచ్చి. నేను ఒక దశలో రోజుకు ఐదు మాలలు తిప్పి గర్వపడేదాన్ని. ఒకరోజు అనుమానమొచ్చి గడియారం పెట్టి చూస్తే మాల రెండు నిమిషాల్లో అయిపోతోంది! అంటే ఒక్కో "ఓం నమః శివాయ"కు సెకను, ఆ పైన చిటికెడు. అందులో సగం అక్షరాలు లేవు. నిదానంగా మూడు సెకన్లకు ఒకటి చొప్పున అంటే మాలకు దాదాపు ఐదున్నర నిమిషాలు పట్టాలి. ఆ రోజు నుంచి ఒక్క మాలకు దిగాను. మీరూ ఒకసారి గడియారంతో చూసుకోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కునుకు. తిన్న వెంటనే కూర్చున్నా, మంచం మీద కూర్చున్నా వస్తుంది. కళ్ళు సగం తెరిచి నేలను చూస్తూ బయటికి అనండి. అప్పటికీ ఆగకపోతే లేచి నడుస్తూ అడుగుకో అక్షరం చొప్పున చేయండి. అప్పటికీ ఊగుతుంటే వెళ్ళి పడుకోండి, మీకు కావాల్సింది నిద్ర.

రికార్డింగ్ పెట్టుకుని వింటూ కూర్చోవడం. పలుకు నేర్చుకోవడానికి మంచిదే. ధ్యానానికి మాత్రం మీ గొంతో, మీ మనసో పనిచేయాలి.

వెలుగులు, రంగులు, కంపనాలు వస్తాయని ఎదురుచూడటం. వస్తే రానీయండి, పోతే పోనీయండి, మంత్రం సాగించండి. చెవిలో శబ్దం రోజంతా మోగుతూ ఉంటే మాత్రం చెవి డాక్టరుకు చూపించుకోండి.

కూర్చోవడం కుదరనివాళ్ళకు

లిఖితజపం ఉంది. మంత్రాన్ని పుస్తకంలో రాసుకుంటూ పోవడం, మన రామకోటి అదే. ఆలోచనలు మరీ ఎక్కువగా ఉన్నవాళ్ళకు చేతికి పని దొరికి మనసు కుదురుతుంది. ఒకటే షరతు: ప్రతిసారీ నామం పూర్తిగా రాయాలి. చిన్నప్పుడు మనలో చాలామంది పేజీ పొడుగునా ముందు "శ్రీ"లన్నీ నిలువుగా దించి, తర్వాత "రా"లు, ఆ తర్వాత "మ"లు దించినవాళ్ళమే. అది జపం కాదు, ఇంపోజిషన్.

బండి నడుపుతూ, యంత్రాల దగ్గర పనిచేస్తూ కళ్ళు మూసుకునే జపం వద్దని వేరే చెప్పనక్కర్లేదుగానీ, మనసులో చేసేదీ అక్కడ వద్దు.

ఎప్పుడు ఆపాలి

కూర్చున్నప్పుడల్లా గుండెదడ, భయం పెరుగుతున్నా, పాత చేదు జ్ఞాపకాలు ముంచెత్తుతున్నా, నిద్ర తగ్గిపోయి మనసు అదుపు లేకుండా పరుగెత్తుతున్నా, లేని గొంతులు వినపడుతున్నా జపం ఆపి మానసిక వైద్యుల్ని కలవండి. "ఇంకా ఎక్కువ చేస్తే పోతుంది" అన్న సలహా వినకండి. ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్ళు ధ్యానం మొదలుపెట్టామని మందులు మానకూడదు. ముందుగా మీ డాక్టరుకు ఒక మాట చెప్పి మొదలుపెట్టండి.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

ఇందుకే నోటుపుస్తకం. రోజూ జపం నుంచి లేవగానే ఒక్క లైను: తేదీ, ఎన్ని నిమిషాలు, ఒక గుర్తు. మంత్రంతో ఎక్కువసేపు ఉంటే ఒక గీత, సగం సగం అయితే రెండు గీతలు, అంతా బయటే తిరిగితే మూడు. వివరణలు రాయొద్దు. ఏ రోజుకు ఆ రోజు దాన్ని చూసి బాధపడటమూ వద్దు, 10 రోజులకోసారి వెనక్కి తిప్పండి. చూడాల్సినవి రెండే.

ఒకటి, "అరే" ఎంత త్వరగా వస్తోంది. మొదట్లో పాతిక పూసలు పోయాక తెలిసేది, ఇప్పుడు ఏడెనిమిదికే తెలుస్తోందా? మనసు పోవడం తగ్గకపోయినా ఫరవాలేదు, తెలియడం త్వరపడితే సాధన కుదురుతున్నట్టే. కొందరికి రెండో వారంలో ఆలోచనలు పెరిగినట్టు అనిపిస్తుంది. అవి అంతకు ముందూ ఉన్నవే, ఇప్పుడు కనపడుతున్నాయి.

రెండు, కూర్చోని వేళల్లో. ఎవరిమీదో విసుక్కోబోతూ, విసుగు నోటిదాకా వచ్చిన సంగతి మాట బయటపడకముందే మీకు తెలిసిందా? ఒక్కసారి జరిగినా పుస్తకంలో పక్కన చుక్క పెట్టుకోండి.

వరసగా పది రోజులు మూడు గీతలే కనిపిస్తే మంత్రాన్ని అనుమానించకండి. ముందు వేళ మార్చి చూడండి, రాత్రి చేసేవాళ్ళు పొద్దున్నకు జరపండి. తర్వాత నిడివి తగ్గించి 5 నిమిషాలు చేయండి. ఒకరోజు తప్పిపోతే మర్నాడు రెండింతలు చేసి బాకీ తీర్చనక్కర్లేదు, మామూలుగా కూర్చోండి.

దీక్షకు పెట్టుకునే గడువును మండలం అంటారు. దాన్ని కొందరు 40 రోజులంటారు, కొందరు 41, మరికొందరు 48. నేను 40 దగ్గర ఆగి పుస్తకం మొత్తం ఒకసారి తిరగేయమంటాను. మంత్రం మార్చాలని అప్పటికీ అనిపిస్తుంటే ఆ రోజు మార్చుకోండి. 39వ రోజు మాత్రం మార్చకండి.